ఆంధ్ర సంకలన గ్రంథములు: వేసవి పఠనమునకు వాని యోగ్యత

వేసవి సెలవులు వచ్చినతోడనే పాఠశాలా పండితులకును విద్యార్థులకును తీఱిక కలుగును. ఆ తీఱికలో నే గ్రంథము చదువవలయునను ప్రశ్నయుఁ బుట్టును. అడిగినవారికి నొకరు తాము మెచ్చిన గ్రంథముల పేళ్లను వరుసగా వ్రాసి యిత్తురు. వేఱొకరు తాము మెచ్చిన పద్యమును జదివి వినిపించి, పిదప నది యే గ్రంథములోనిదో చెప్పుదురు. ఆంధ్రవాఙ్మయ చరిత్రములో నీ రెండు పద్ధతులును బ్రాచీనములే. మొదటిది పూర్వకవిస్తుతి, రెండవది యుదాహరణము. ఈ యుదాహరణము పెరిగి పెద్దదియైనదే సంకలనగ్రంథము. ఈ రెండింటిలో నేది గ్రంథములకు నెక్కువ మేలు చేసినదో చరిత్రమును బట్టి విచారించుట యీ వ్యాసమున కుద్దేశము. ఆ విచారముననే వేసవిలోఁ జదువఁదగిన పొత్తములు కొన్ని తామే తేలఁగలవు.

కావ్యాదిని బూర్వకవులను స్తుతించుట మన కవులకు సంప్రదాయము. తిక్కన విరాటపర్వారంభమున నన్నయభట్టును స్మరించెను. ఎఱ్ఱన నృసింహపురాణమున నన్నయ తిక్కనలను గొనియాడెను. శ్రీనాథుఁడు కాశీఖండమున వేములవాడ భీమకవి, నన్నయ, తిక్కన, ఎఱ్ఱనలను నలువురను బేర్కొని, యొక్కొక్కని కవితలో నొక్కొక్క గుణమును దాను గైకొందునని చెప్పెను. ఇది వట్టి వందనము గాదు. ఎవరిని జదివి యేమి నేర్వవలయునో తెలుపు నిర్దేశము. అయినను దీని ఫలమును బరీక్షింపవలసి యున్నది. శ్రీనాథుఁడు మొదటఁ బేర్కొన్న భీమకవి పేరు పండితపామరుల నోళ్ల నేఁటికిని నిలిచి యున్నది. కథలు పెక్కులు పుట్టినవి. చాటువులు ప్రచారమున నున్నవి. కాని యతఁడు రచించెనని చెప్పఁబడు రాఘవపాండవీయము మాత్రము పరిశోధకుల చేతికి రాలేదు. అంతటి మహాకవి మెచ్చికోలు పేరును నిలిపినది గాని గ్రంథమును నిలుపఁజాలదయ్యెను.

ఇఁక రెండవ పద్ధతి. ఇందుల కాద్యోదాహరణము తెలుఁగుభాషలోనిది గాకున్నను, దక్షిణాపథము నేలిన శాతవాహనులతో సంబంధించినదే. ప్రాకృతమునందలి గాథాసప్తశతిని హాలుఁడు సంకలనము చేసెననియుఁ, గోటి గాథలలోనుండి యేడునూఱింటిని మాత్రమే యేరెననియు నా గ్రంథమే చెప్పుచున్నది. కోటి యనుట యతిశయోక్తియే కావచ్చును. ఎన్నియో యున్నవానిలోఁ గొన్నింటినే మెచ్చి తీసికొనెనను భావము మాత్రము స్పష్టము. మాతృకలలోఁ బెక్కు గాథలకుఁ గవుల పేళ్లు సూచింపఁబడినవి. వారిలోఁ బెక్కండ్ర కీ సప్తశతి తక్క వేఱు సాక్ష్యము లేదు. వేసవిలో దీనిఁ జదువువారికి మఱియొక సంతోషము గలదు. గ్రామజీవనము, పొలములు, మిట్టమధ్యాహ్నపుటెండ, బాటసారుల యలసట యిందుఁ గానవచ్చును. చలివేంద్రముకడ నీళ్లు త్రాగు పథికుఁడు వ్రేళ్ల సందులనుండి నీటిని జాఱవిడుచుటయు, నీరు పోయునామె ధారను సన్నగిల్లఁజేయుటయు నను గాథ రసికులకు సుపరిచితమే.

సంస్కృతమునందును సంకలనకర్తలు పెక్కండ్రు గలరు. శ్రీధరదాసుని సదుక్తికర్ణామృతము క్రీ. శ. 1205 నాఁటిది, జల్హణుని సూక్తిముక్తావళి 1258 నాఁటిది, శార్ఙ్గధరపద్ధతి 1363 నాఁటిది. ఇట్టి గ్రంథములు లేకున్న నెందఱు సంస్కృతకవులు నామావశిష్టులైనను గాకుండ నశించియుందురో యూహింప వచ్చును.

తెలుఁగున నీ మార్గముఁ ద్రొక్కినవారిలో మడికి సింగన ముఖ్యుఁడు. ఇతఁడు పదునేనవ శతాబ్దారంభమునం దుండిన కవి. పద్మపురాణోత్తరఖండము, వాసిష్ఠరామాయణము మొదలగువానిని రచించిన యీతఁడు సకలనీతిసమ్మతమను సంకలనమునుగూడఁ గూర్చెను. రాజు, మంత్రి, దుర్గము, కోశము మొదలగు రాజనీతి విషయములనుగూర్చి తనకుఁ బూర్వులైన తెలుఁగుకవులు చెప్పిన పద్యములను విషయక్రమమున నిందుఁ జేర్చెను. ఏ పద్య మే గ్రంథములోనిదో చెప్పుట యీ కూర్పునందలి గొప్ప గుణము. ముద్రామాత్యము, పురుషార్థసారము, నీతిభూషణము, నీతిసారము, కామందకము, పంచతంత్రి, బద్దెన నీతిశాస్త్రముక్తావళి మొదలగు గ్రంథములనుండి యితఁడు పద్యములఁ గైకొనెను. వీనిలో బద్దెన గ్రంథము తరువాతఁ బరిశోధకులకు దొరకినది. సుమతిశతకమును గూడ బద్దెనదే యని కొందఱు చెప్పుదురు. కాని ముద్రామాత్యమును, గణపతిదేవచక్రవర్తి కాలమువాఁడగు శివదేవయ్య రచించిన పురుషార్థసారమును సింగన యెత్తి వ్రాసిన పద్యములలోనే జీవించి యున్నవి. కాకతీయుల కాలమునఁ దెలుఁగు రాజనీతి వాఙ్మయ మెంత పెంపు గాంచెనో యెఱుఁగుట కీ సంకలనమే ప్రధానాధారము.

సింగన నీతిని గోరి యేరెను. పెదపాటి జగ్గన వర్ణనను గోరి యేరెను. పదునాఱవ శతాబ్దపువాఁడుగాఁ దలఁపఁబడు నీతని ప్రబంధరత్నాకరము పురము, సముద్రము, శైలము, ఋతువులు, చంద్రోదయము మొదలగు వర్ణనల ననుసరించి కూర్పఁబడినది. అష్టాదశవర్ణనలు ప్రబంధమునకుఁ బ్రాణములుగా నెంచఁబడిన కాలమున నిట్టి కూర్పు కవిత్వము నేర్చువారికి మిక్కిలి యుపయోగించెడిది. గ్రీష్మమును వర్ణింపఁదలఁచిన యువకవికిఁ బూర్వులు దానిని వర్ణించిన తీరు లొకచోటఁ గనఁబడును. జగ్గన తన కాలపుఁ బాఠకునకుఁ జేసిన సేవ యిది. తరువాతి కాలమునకుఁ జేసిన సేవ యింతకంటెఁ బెద్దది. తెనాలి రామకృష్ణకవి పాండురంగమాహాత్మ్యమే కాక కందర్పకేతువిలాసము, హరిలీలావిలాసము నను గ్రంథములను గూడ రచించెనని తెలియుట జగ్గన యుదాహరించిన పద్యములవలననే. మఱియు నన్నెచోడుఁడు కళావిలాసమను కృతిని రచించెనన్న విషయమును దీనివలననే వెల్లడి యగుచున్నది.

నన్నెచోడుని ప్రసక్తి యీ విచారమునకు మిక్కిలి ముఖ్యము. ప్రసిద్ధులగు తరువాతి కవుల స్తుతులలో నీతని పేరు గానరాదు. కాఁబట్టి స్తుతులను మాత్రమే నమ్మినవారికి నన్నెచోడుఁ డనువాఁ డొకఁ డుండెనని యెఱుఁగు మార్గమే లేదు. 1909వ సంవత్సరమున మానవల్లి రామకృష్ణకవి కుమారసంభవ ప్రథమభాగమును బ్రకటించిన పిదపనే యాంధ్రలోక మీ మహాకవిని గుర్తించినది. ఆ కవి కాలమునుగూర్చి రామకృష్ణకవి చేసిన నిర్ణయమును బెక్కండ్రు పండితు లంగీకరింపలేదు; అయినను గావ్యము గొప్పదనమునుగూర్చి వివాదము లేదు. స్తుతి మఱచిన కవిని సంకలనము మఱవలేదని చెప్పుట కింతకంటె నిదర్శన మక్కఱలేదు.

లక్షణగ్రంథములును నొకవిధమున సంకలనములే. 1435 ప్రాంతమున ననంతుఁడు ఛందోదర్పణమును, 1656 ప్రాంతమున నప్పకవి యప్పకవీయమును రచించిరి. తరువాతఁ గూచిమంచి తిమ్మకవి సర్వలక్షణసారసంగ్రహమును రచించెను. ఈ లాక్షణికులలోఁ బెక్కండ్రు యతిప్రాసాదులకును శబ్దసాధుత్వమునకును బూర్వకవి ప్రయోగములను జూపిరి. ఎఱ్ఱన రచించిన రామాయణము లభింపలేదు. దానిలోనివిగా నేఁడు తెలియుచున్న పద్యములు కొన్ని యిట్లు లక్ష్యములుగాఁ జూపఁబడినవే. లాక్షణికునకుఁ గావలసినది రసము గాదు, ప్రయోగము. అయినను నతని యవసరమే యా పద్యమునకు రక్షయైనది.

అట్లని సంకలనములయందు దోషములు లేవని చెప్పరాదు. మొదటి దోషము, పద్యము కథనుండి విడిపోవుట. హరిలీలావిలాసమునందలి పద్యములను జదువఁగలము గాని యా కావ్యము నడక యెట్టిదో, పాత్రపోషణ యెట్టిదో చెప్పఁజాలము. రెండవది, సంకలనకర్త యభిరుచియే నష్టగ్రంథమునకు స్వభావముగాఁ దోఁచుట. జగ్గన వర్ణనలనే యేరెను. కావున నతఁ డుదాహరించిన కావ్యములన్నియు వర్ణనాప్రధానములే యని భ్రమ కలుగవచ్చును. మూఁడవది, కర్తృత్వమున సందిగ్ధత. ఒకే పద్య మొక లాక్షణికుని చేత నొకనిదిగాను, వేఱొకని చేత వేఱొకనిదిగాను జెప్పఁబడుట కలదు. అందుచేత నుదాహృతపద్యమును సాక్ష్యముగాఁ గైకొనునపుడు మాతృకలను సరిచూచుకొనుట యావశ్యకము. ఈ జాగ్రత్త లేక వ్రాయఁబడిన కవిచరిత్రములందుఁ బొరపాట్లు దొరలినవి.

అచ్చు వచ్చిన తరువాత గ్రంథనిర్దేశము క్రొత్త రూపములఁ దాల్చినది. సి. పి. బ్రౌను వ్రాఁతప్రతులను సేకరించి శుద్ధప్రతులు వ్రాయించి, 1829లో వేమన పద్యములను బ్రకటించెను. పండితులంతగా నాదరింపని కవి నొక పరదేశీయుఁడు మెచ్చి యేరుట యిందలి విశేషము. 1906లో హైదరాబాదునందు స్థాపింపఁబడిన విజ్ఞానచంద్రికామండలి చరిత్రము, జీవితచరిత్రము, ప్రకృతిశాస్త్రములు మొదలగు విషయములపై గ్రంథములను బ్రకటించుటయే కాక, పఠనీయగ్రంథములను నిర్ణయించి పరీక్షలను గూడ నడపెను. 1914 ఏప్రిలు నెలలో, ననఁగా మండువేసవిలోనే, బెజవాడయందు మొదటి యాంధ్రదేశ గ్రంథభాండాగారుల మహాసభ జరిగెను. అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషివలనఁ బొత్తములు పల్లెలకుఁ జేరఁజొచ్చెను. ఇవన్నియు జాబితా పద్ధతికిఁ జేరినవి. పూర్వకవిస్తుతివలెఁ గాక, యీ జాబితాల వెనుక నచ్చుప్రతులును గ్రంథాలయములును నుండుటచేత వీనికి ఫలము కలిగెను. పేరు విన్నవానికిఁ బొత్తము చేతి కందినపుడే నిర్దేశము సార్థకమగును గదా.

ఈ కాలముననే సంకలనమార్గమును బునరుద్ధరింపఁబడెను. రామకృష్ణకవి సకలనీతిసమ్మతమును బ్రకటించెను. వేటూరి ప్రభాకరశాస్త్రి 1918లో ప్రబంధరత్నావళిని వెలువరించెను. జగ్గన సంకలనము మొదలగువానినుండి, మూలగ్రంథములు దొరకని కావ్యముల పద్యములను దీసి కవిక్రమమున నమర్చిన కూర్పిది. చాటుపద్యమణిమంజరియందు నతఁడే, యే కావ్యమునందును జేరక జనుల నోళ్లను దాళపత్రముల యంచులను నిలిచిన పద్యములఁ గూర్చెను. జగ్గన తన కాలపుఁ బ్రబంధములలో మేలైనవి యేరెను. శాస్త్రి యా యేరినవానిలో నష్టమైనవాని నేరెను. మొదటివాని యుద్దేశము రుచి. రెండవవాని యుద్దేశము రక్ష. నడుమఁ గడచిన మూఁడు శతాబ్దములలో నెన్ని తాళపత్రములు చెదలపాలయ్యెనో యీ భేదమే చెప్పుచున్నది.

ఇంతదాఁకఁ జేసిన విచారమువలన, బేరు మాత్రము చెప్పి మెచ్చుట కీర్తికిని, బద్యము నెత్తి చూపి మెచ్చుట గ్రంథరక్షకును దోడ్పడినవని తేలుచున్నది. పాఠశాలా పండితుఁడు సెలవులకు ముందు విద్యార్థికిఁ బది గ్రంథముల పట్టిక నిచ్చుట మంచిదే. కాని ప్రతి పేరు క్రిందను దాను మెచ్చిన పద్యము నొకదానిని వ్రాసి యిచ్చినచో నా పట్టిక విద్యార్థిని గ్రంథమునొద్దకుఁ గొనిపోవును. ఇఁక పండితుని తన వేసవి పఠనమునకు సకలనీతిసమ్మతము, ప్రబంధరత్నావళి, చాటుపద్యమణిమంజరి యను నీ మూఁడును జాలును. వీనిని గ్రమముగా మొదటినుండి తుదివఱకుఁ జదువవలసిన పని లేదు. ఉదయ మొక పుట, సాయంకాల మొక పుటగాఁ జదివినను రసభంగము కలుగదు. ఎండకాలపు బడలికలో దీర్ఘకావ్యములకు లేని సౌలభ్య మిది.

చదువుచున్నపు డొక పని మాత్రము చేయవలయును. పద్యము నచ్చినచో దానిని, గవి పేరును, గ్రంథము పేరును, దాను జూచిన ప్రతి గుఱుతును నొక్కచో వ్రాసి యుంచవలయును. ఇండ్ల యటుకలమీఁద నింకను వ్రాఁతప్రతు లున్న యూళ్లు గలవు. సెలవులకుఁ దమ యూళ్లకుఁ బోవు పండితులు వానిని విప్పి చూచి, యందలి పద్యములను వ్రాసికొన్న వానితో సరిచూచినచో, ముద్రామాత్యమో, హరిలీలావిలాసమో యొక యాకుగానైనను బయల్పడవచ్చును.