సూర్యప్రకాశ్ (చిత్రకారుడు)

సూర్యప్రకాశ్ (1940 - 2019) తెలంగాణకు చెందిన ఆధునిక చిత్రకారుడు. నీటి కొలనులు, రాలిన ఆకులు, నీటిపై పడే వెలుగునీడలు వస్తువులుగా వేసిన వర్ణచిత్రాల ద్వారా ప్రసిద్ధి పొందాడు. ఆయన కృషి నైరూప్య చిత్రకళకూ, ప్రకృతి చిత్రణకూ నడుమ సాగింది.

జీవిత విశేషాలు

సూర్యప్రకాశ్ 1940లో, ప్రస్తుత ఖమ్మం జిల్లాలోని మధిరలో జన్మించాడు. హైదరాబాదులో చిత్రకళ అభ్యసించిన తరువాత, 1960లలో ఢిల్లీ వెళ్ళి ప్రముఖ నైరూప్య చిత్రకారుడు రామ్ కుమార్ (1924 - 2018) వద్ద శిక్షణ పొందాడు. రామ్ కుమార్ వారణాసి దృశ్యాలను మనుషులు లేని రంగుల పలకలుగా మార్చి చూపినవాడు, హిందీ కథా రచయిత కూడా. అనంతరం సూర్యప్రకాశ్ హైదరాబాదులో స్థిరపడి, 2019లో మరణించే వరకు చిత్రరచన కొనసాగించాడు.

చిత్రకళ

తొలి దశలో పాడుబడిన మోటారు వాహనాలు, తుక్కు ఇనుము ఆయనకు వస్తువులయ్యాయి. తరువాత దృష్టి ప్రకృతి వైపు మళ్ళింది. కొలను చిత్రాలలో గట్టు గాని, దిగంతరేఖ గాని తరచుగా కనిపించవు. చిత్రఫలకమంతా నీరే అవుతుంది. నీటి అడుగు, నీటిపై తేలే ఆకు, నీటిలో ప్రతిఫలించే ఆకాశం ఒకే తలంపై కలిసిపోతాయి. అందువలన దగ్గరగా చూసినవారికి రంగుల మచ్చలు మాత్రమే గోచరిస్తాయి, దూరం జరిగితే కొలను రూపు కడుతుంది. ఈ లక్షణంలో ఆయన చిత్రాలు ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనె కలువకొలను చిత్రాలను గుర్తుకు తెస్తాయి.

ఆయన సమకాలికులైన లక్ష్మా గౌడ్, తోట వైకుంఠం తెలంగాణ పల్లె మనుషులను చిత్రించి పేరు పొందారు. సూర్యప్రకాశ్ ప్రకృతి చిత్రాలలో సాధారణంగా మనిషి ఉండడు. ప్రాంతీయతకు గుర్తుగా చీరకట్టును, బొట్టును వెదికే ప్రేక్షకునికి అవి ఆధారమివ్వవు. తెలుగునాట నైరూప్య చిత్రకళ ఎదుర్కొన్న ప్రధాన సమస్య ఇదే.

అక్రిలిక్ మాధ్యమం

సూర్యప్రకాశ్ ఉపయోగించిన మాధ్యమాలలో అక్రిలిక్ ఒకటి. రంగుపొడిని అక్రిలిక్ పాలిమర్ ద్రవంలో కలిపి ఈ రంగులను తయారుచేస్తారు. నీటితో పలుచన చేసే అక్రిలిక్ రంగులు 1950లలో వ్యాప్తిలోకి వచ్చాయి. తైలవర్ణం ఆరడానికి రోజులు పట్టగా, అక్రిలిక్ పలుచని పూత కొద్ది నిమిషాలలోనే ఆరుతుంది. ఆరిన పూత మళ్ళీ నీటికి కరగదు కనుక, కింది రంగు చెదరకుండా దానిపై పలుచని పొరలు వేయవచ్చు. నీటి లోతును, పారదర్శకతను చూపడానికి ఈ గుణం అనుకూలమైనది. అయితే త్వరగా ఆరడం వలన ఫలకంపైనే రంగులను మెల్లగా కలిపే అవకాశం తక్కువ.

నేత్ర వైద్యశాలలో

హైదరాబాదు బంజారా హిల్స్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థలో ఆయన చాలాకాలం ఆస్థాన చిత్రకారుడిగా పనిచేశాడు. 1987లో ప్రారంభమైన ఈ సంస్థకు చూపు మందగించినవారు, చూపు పోతుందేమోనన్న భయంతో ఉన్నవారు వస్తారు. ప్రదర్శనశాలలో అడుగుపెట్టని సామాన్యులకు సైతం నైరూప్య చిత్రాలను చూసే అవకాశం ఈ విధంగా కలిగింది. రంగునూ వెలుగునూ మాత్రమే నమ్ముకున్న చిత్రకళకు ఇంతకంటే కఠినమైన పరీక్షాస్థలం అరుదు.

ఇవి కూడా చూడండి

* లక్ష్మా గౌడ్
* తోట వైకుంఠం
* పాకాల తిరుమల్ రెడ్డి
* నైరూప్య చిత్రకళ