కొవ్వొత్తుల పటము

గ్రామపెద్దలారా, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బజార్లకు వేరుసెనగ తోలినవారికి ధర యొక్కతీరున నిలువదని నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ హెచ్చుతగ్గులను బొమ్మగా వ్రాయుటయే కొవ్వొత్తుల పటము.

దీని మూలము జపానుదేశపు బియ్యపు వర్తకులయొద్ద నున్నది. ఒసాకా నగరమందలి దోజిమా బియ్యపు బజారును ప్రభుత్వము 1730లో గుర్తించెను. చేత ధాన్యము లేకయే అచ్చట వాయిదా బేరములు జరుగుచుండెను.

క్వింటాలు ధర 6,000 రూపాయలతో మొదలై, 5,900కు దిగి, 6,400కు ఎగసి, 6,200వద్ద ముగిసెననుకొనుడు. 6,000 మొదలు 6,200 వఱకు గల భాగము కొవ్వొత్తి యొడలు. పైని, క్రింద మిగిలినవి వత్తులు. ధర పెరిగిన దినమున కొక రంగు, తగ్గిన దినమునకు మఱియొక రంగు.

హైదరాబాదున 1943లో వాటాల బజారు వెలసెను. 2007లో దాని గుర్తింపు పోయెను. నేడా వ్యాపారము సెల్‌ఫోనుద్వారా మన పల్లె యువకులను చేరినది. 2021–22 మొదలు మూడు ఆర్థిక సంవత్సరములలో వాటాల వాయిదా బేరములాడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరని సెబీ 2024లో ప్రకటించెను.

పటము గడచిన ధరను చూపును. రేపటి ధరను చెప్పజాలదు. దానిని నమ్మి భూమి కుదువబెట్టవలదని మీ బిడ్డలకు బోధింపుడని నా మనవి.