పాంటెల్లేరియా పస్సీతో: ఎండలో పుట్టిన తీపి

సిసిలీకి నైరుతి దిక్కున, మధ్యధరా సముద్రం నడుమ, అగ్నిపర్వతం కక్కిన నల్లరాతి దీవి పాంటెల్లేరియా. వైశాల్యం 83 చదరపు కిలోమీటర్లు. పాలన ఇటలీదే గాని దగ్గరి తీరం ట్యునీసియాది, సుమారు 70 కిలోమీటర్లు. సెలవులకు వచ్చినవాళ్లకు ఇక్కడ ఇసుక తీరాలు కనిపించవు. వాళ్లను మళ్లీ మళ్లీ రప్పించేది ఇక్కడి భోజనమే. ఉడికించిన బంగాళాదుంపలు, టమాటాలు, ఎర్ర ఉల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె, ఉప్పులో ఊరిన కేపర్ మొగ్గలు కలిపిన సలాడ్. రికోత్తా జున్ను, పుదీనా కూరిన రవియోలి. చేపలతో వండిన కుస్‌కుస్. అన్నీ అయ్యాక చిన్న గ్లాసులో తేనెరంగు తీపి వైన్, పస్సీతో. ఆ చివరి గ్లాసు కథ ఎదుటి ట్యునీసియా తీరాన వెలిసిన ప్రాచీన కార్తేజ్ కాలం దాకా పోతుంది.

ముందు ఈ నేలను చూడాలి. ఇక్కడ ఏరు లేదు, వాన తక్కువ, గాలి మాత్రం ఏడాది పొడవునా వీస్తూనే ఉంటుంది. తోటల్లో కాయలు నిలవక, నారింజ చెట్టు ఒక్కదాని కోసం చుట్టూ ఎత్తుగా గుండ్రటి రాతిగోడ కట్టుకున్నారు ఇక్కడి రైతులు. ఇళ్లను దమ్ముసో అంటారు. మందపాటి లావా రాతిగోడల మీద సున్నం పూసిన గుమ్మటపు కప్పు, దాని మీద పడ్డ ప్రతి చినుకూ తొట్టిలోకి జారేలా వాలు. చుట్టూ సముద్రం ఉన్నా ఈ దీవి జనం ప్రధానంగా సేద్యగాళ్లు. కొండవాలు మీది రాళ్లను ఏరి, సున్నమూ సిమెంటూ లేకుండా గోడలు పేర్చి, మెట్ల చేలు చేసుకున్నారు.

ద్రాక్షకు ఇక్కడ పందిరి వేస్తే గాలి ఒక్క రాత్రిలో కూల్చేస్తుంది. అందుకే ప్రతి మొక్కకూ లోతుగా పాదు తవ్వి, మొదలును ఆ గుంటలోనే పొట్టిగా ఉంచి, కత్తిరింపుతో కొమ్మలను నాలుగు దిక్కులా నేలబారుగా పరుచుకునేలా పెంచుతారు. గుంట గాలిని తప్పిస్తుంది, రాత్రి తేమను పట్టి ఉంచుతుంది. దీనికి మూల్యంగా కోతవాళ్లు నడుం వంచి, దాదాపు మోకాళ్ల మీద పనిచేయాలి. ఈ మెట్ల మీదికి యంత్రం ఎక్కదు. 2014లో యునెస్కో ఈ సాగు పద్ధతిని మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. కోటలకూ గుళ్లకూ దక్కే గౌరవం ఒక పాదుకు, ఒక కత్తిరింపుకు దక్కడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది.

ఇక్కడ పండే ద్రాక్ష జిబిబ్బో. ప్రపంచానికి తెలిసిన పేరు మస్కట్ ఆఫ్ అలెగ్జాండ్రియా. జిబిబ్బో అన్న పేరు ఎండుద్రాక్షను చెప్పే అరబ్బీ మాట నుంచి వచ్చింది. తొమ్మిదో శతాబ్దంలో ఈ దీవి అరబ్బుల చేతికి వెళ్లింది, 1123లో నార్మన్లు గెలుచుకున్నారు. ఖమ్మా, గదీర్, బుక్కురామ్ అనే ఊళ్ల పేర్లు మాత్రం అలాగే మిగిలాయి. ఈ తీగను తెచ్చింది అరబ్బులేనని దీవి జనం చెప్పుకుంటారు. డీఎన్ఏ పరీక్షలు దాని పుట్టుకను ఇంకో వైపు చూపించాయి: చిన్నపండ్ల తెల్ల మస్కట్, ఏజియన్ సముద్ర ప్రాంతపు హెప్టకీలో కలిసిన సంతానం ఇది. అంటే నౌకల మీద తిరిగీ తిరిగీ వచ్చిన తీగ.

తీగ ఎవరు తెచ్చినా, ద్రాక్షను ఎండబెట్టి తీపి వైన్ చేసే విద్య అరబ్బుల కన్నా చాలా పాతది. కార్తేజ్ రచయిత మాగో వ్యవసాయం మీద 28 పుస్తకాలు రాశాడు. క్రీ.పూ. 146లో కార్తేజ్‌ను నేలమట్టం చేసిన రోమ్ సెనేట్ ఆ పుస్తకాలను మాత్రం లాటిన్‌లోకి అనువదింపజేసింది. అవి ఇప్పుడు లేవు. వాటిలోని వైన్ పద్ధతి ఒకటి మొదటి శతాబ్దపు రోమన్ రచయిత కొలుమెల్లా దయవల్ల మిగిలింది. బాగా పండిన ద్రాక్షలో చెడినవి ఏరి పారేయాలి. రెల్లు పరిచిన పందిళ్ల మీద ఎండబెట్టాలి, మంచు పడకుండా రాత్రిళ్లు కప్పాలి. ఎండాక పండ్లు తుంచి మంచి ద్రాక్షరసంలో మునిగేలా వేసి, ఆరో రోజున, అవి రసం పీల్చి ఉబ్బాక పిండాలి.

ఇప్పుడు పాంటెల్లేరియాలో చేస్తున్నది చూడండి. ఆగస్టులో ముందుగా పండిన గుత్తులను కోసి ఎండలో ఆరబెడతారు. సుమారు మూడు నాలుగు వారాల్లో వాటి బరువు సగానికి పైగా తగ్గిపోతుంది. సెప్టెంబరులో రెండో కోత పండ్లను పిండుతారు. ఆ రసం పులుస్తుండగా, చేత్తో తుంచిన ఎండుద్రాక్షను విడతలు విడతలుగా అందులో కలుపుతారు. మాగో ఈ దీవి గురించే రాశాడని నేననను. కాని క్రీ.పూ. 217లో రోమన్లు పట్టుకునే దాకా ఈ దీవి కార్తేజ్‌దే. కార్తేజ్ పద్ధతి సారం ఇంతగా మిగిలిన వైన్‌ను చేతిలో పట్టుకుని, దాన్ని భోజనం చివరి తీపిగా మాత్రమే తాగేసి లేచిపోవడం నాకు మనసొప్పదు.

కేపర్ల సంగతి కూడా ఇలాంటిదే. మన ఆదొండకు దగ్గరి చుట్టమైన ఈ పొద రాతిగోడల సందుల్లో నీళ్లడగకుండా బతుకుతుంది. తినేది విచ్చని మొగ్గను. మే చివరి నుంచి ఆగస్టు దాకా, వారం పది రోజులకొకసారి అదే పొద దగ్గరికి వెళ్లి చేత్తో కోయాలి, ఆలస్యమైతే పూవవుతుంది. కోసిన మొగ్గలను మన ఊరగాయ ముక్కల్లా సముద్రపు ఉప్పులో కలిపి, రోజూ కదుపుతూ పది రోజులు ఊరబెడతారు. ఊరిన నీరు వంపేసి, మళ్లీ కొత్త ఉప్పు పడుతుంది. వెనిగర్ ఊసే లేదు. 1996లో వీటికి యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. వైన్‌కు అంతకుముందే, 1971లో, ఇటలీ ప్రభుత్వ గుర్తింపు దొరికింది.

సెలవులు ఎప్పుడు పెట్టుకోవాలని ఎవరైనా అడిగితే ఆగస్టు చివరి వారమనే చెబుతాను. కొండవాలు మీద గుత్తులు ఆరుతూ ఉంటాయి. ఆరేసినవాళ్లు మధ్యమధ్య వచ్చి వాటిని తిరగేస్తుంటారు. ఆ రాత్రి పస్సీతోతో పాటు బాచీ పాంటెస్కీ అడగండి: పువ్వు ఆకారంలో నూనెలో వేయించిన రెండు కరకర రేకుల మధ్య తీపి రికోత్తా పెట్టి ఇస్తారు.