అత్తయ్యగారి పాట ఉన్న రెండో డిస్కు

మా అటక మీద ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో మా పెళ్ళి, బాబు అన్నప్రాశన, ఆడపడుచు సీమంతం అన్నీ డిస్కులుగా ఉన్నాయి. మొన్న అత్తయ్యగారి సంవత్సరికం అయ్యాక ఆవిడ గొంతు ఒక్కసారి వినాలనిపించింది. మా గృహప్రవేశం రోజు ఆవిడ పాడిన మంగళహారతి పెళ్ళి వీడియో రెండో డిస్కులో ఉంది. పెట్టి చూస్తే, ఆవిడ పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకి రాగానే బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయి ఆగిపోయింది.

ఆ వీడియో మొదట డిస్కు కాదు, క్యాసెట్టు. జపాన్‌లో జేవీసీ కంపెనీ వీహెచ్ఎస్ క్యాసెట్టును 1976లో తెచ్చింది. 1994లో మా పెళ్ళి నాటికి మా ఊళ్ళో పెళ్ళంటే వీడియో ఉండాల్సిందే. వీసీపీ అద్దెకు తెచ్చి, ఇరుగుపొరుగును పిలిచి మరీ చూశాం. తర్వాత వీసీడీలు వచ్చాయి. 1996లో జపాన్‌లో డీవీడీ వచ్చింది. సీడీలో పట్టేది 700 ఎంబీ అయితే, డీవీడీలో 4.7 జీబీ. 2006లో మేమూ క్యాసెట్టును డీవీడీలకు ఎక్కించుకున్నాం. "ఇక పాడవ్వదమ్మా" అన్నాడు షాపతను. ఆ మాట నమ్మి క్యాసెట్టును పాత సామాన్లవాడికి వేసేశాను. ఇప్పటికీ నన్ను పొడిచే తప్పు అదే.

ఎందుకు పాడైందో మా అబ్బాయి చెప్పాడు. కొనుక్కునే సినిమా డిస్కులో సమాచారం ప్లాస్టిక్‌లోనే చిన్న చిన్న గుంటలుగా అచ్చుపడి ఉంటుంది. షాపులో రాయించుకున్న డిస్కులో అలా కాదు. లోపల రంగు పూత ఒకటి ఉంటుంది, దాని మీద లేజర్‌తో గుర్తులు పెడతారు. ఎండకు, వేడికి ఆ పూత చెడుతుంది. మా అటకేమో వేసవిలో పొయ్యి!

కొత్త ల్యాప్‌టాప్‌కు డిస్కు పెట్టే చోటే లేదు. బయట నుంచి తగిలించే డ్రైవ్ ఒకటి అడిగి తెచ్చాం. మామూలుగా కాపీ చేస్తే పాడైన చోటికి రాగానే ఆగిపోయింది. అప్పుడు వాడు డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టాడు. అది ముందు బాగున్న భాగాలన్నీ తీసేసుకుని, మొరాయించిన చోట్లకు తర్వాత మళ్ళీ మళ్ళీ వెళ్తుంది. రాత్రంతా నడిచింది. పొద్దున్నకి డిస్కంతా ఒకే ఫైలుగా వచ్చింది. దాన్నుంచి హ్యాండ్‌బ్రేక్‌తో ఫోన్‌లో చూసుకునే వీడియో చేశాడు. సినిమా డిస్కులకు కంపెనీలు తాళం వేస్తాయి కానీ, మన పెళ్ళి డిస్కులకు అలాంటిదేమీ ఉండదు.

అత్తయ్యగారు పాడారు. పల్లవి, మొదటి చరణం శుభ్రంగా వినిపించాయి. రెండో చరణం రాలేదు. మావారు అది నాలుగుసార్లు విని, ఏమీ మాట్లాడకుండా పెరట్లోకి వెళ్ళిపోయారు.

బ్రౌన్ దొర తన డబ్బు ఖర్చుపెట్టి, పండితులను కూర్చోబెట్టి పాత తాటాకులకు ప్రతులు రాయించాడని చదువుకున్నాం కదా. ఆకు ఎప్పటికైనా పోయేదే. ఎవరో ఒకరు మళ్ళీ రాయబట్టే అందులోని మాట మనదాకా వచ్చింది. క్యాసెట్టయినా, డిస్కయినా అంతే. పచ్చడి జాడీ మార్చినట్టు, కొన్నేళ్ళకోసారి మార్చుకుంటూ పోవాలి.

ఇప్పుడు అన్ని డిస్కులూ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కాయి. ఒక ప్రతి మా ఇంట్లో, ఇంకొకటి ఆడపడుచు ఇంట్లో. మీ అటక మీదా ఇలాంటి డబ్బా ఉంటే ఈ ఆదివారమే దింపండి. ఎవరి గొంతు ఉన్న డిస్కు ఉందో, ముందు అది తీయండి.