చెరువు ఒడ్డు హోటళ్ళు అపార్ట్‌మెంట్లుగా మార్పు: పాటించవలసిన నిబంధనలు

నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాలలో వాననీటిపై ఆధారపడిన చెరువులు వేసవి నాటికి బాగా వెనుకకు తగ్గుతాయి. ఒడ్డుననున్న పాత హోటలు ఆ రోజులలో నీటికి దూరంగా ఉన్నట్లే తోస్తుంది. నిబంధనలు లెక్కించేది మాత్రం కంటికి కనిపించే నీటిని కాదు, ఎఫ్‌టీఎల్‌గా వ్యవహరించే పూర్తి నీటిమట్టాన్ని. 2012 ఏప్రిల్ 7 నాటి 168వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన విస్తీర్ణం గల చెరువులకు ఆ హద్దు నుండి 30 మీటర్లు, చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్ల మేర నిర్మాణాలు నిషిద్ధం.

హోటలు ఏళ్ళ తరబడి నిలిచి ఉండటం అపార్ట్‌మెంట్లకు అనుమతి కాజాలదు. వాణిజ్య భవనాన్ని నివాసాలుగా మార్చుటకు స్థానిక సంస్థ అనుమతి వేరుగా పొందవలసి ఉంటుంది. హోటలు గదికి వంటగది ఉండదు గనుక ప్రతి ఫ్లాటుకు వంటగది, మురుగు గొట్టాలు కొత్తగా అమర్చవలసినదే. ఆ మురుగును చెరువులోకి వదలరాదు.

ఇవి మరమ్మతులే కదా అన్న వాదన చెల్లదు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం అమ్మకంతో ముడిపడని మరమ్మతులకే మినహాయింపునిచ్చింది. స్థలం 500 చదరపు మీటర్లకు గాని, ఫ్లాట్లు 8కి గాని మించని చిన్న నిర్మాణాలను మినహాయిస్తే, తెలంగాణ రెరాలో నమోదు కానిదే అమ్మకపు ప్రకటన సైతం ఇవ్వరాదు. రిజిస్టరైన ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి బయానా స్వీకరించరాదు. కొనుగోలుదారుల నుండి వసూలైన సొమ్ములో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచి, భూమి, నిర్మాణ వ్యయాలకే వినియోగించవలెను.