నాచుకు దీపం

తెలుగు పండితునికి చేపల తొట్టె దీపాలతో పనేమిటని మిత్రులు అడుగవచ్చు. నాచును సంస్కృతంలో శైవాలమంటారు. అమరకోశం దానికే జలనీలి అని పర్యాయపదం చెప్పింది. ఆ జలనీలిని ఇంట పెంచదలచినవారికి మొదట ఎదురయ్యే చిక్కు వెలుతురు. చేపకు మేత వేస్తే చాలును. మొక్క తన ఆహారాన్ని తానే వండుకుంటుంది, ఆ వంటకు పొయ్యి వెలుతురే. ఆ వెలుతురును మనిషి చౌకగా సమకూర్చుకున్న చరిత్రలో మన నెల్లూరు తీరానికీ చోటున్నది.

ఈ కథకు ఆది 1779. నీటిలో ముంచిన ఆకుల నుండి ఎండలో బుడగలు లేస్తాయనీ, చీకటిలో ఆగిపోతాయనీ యాన్ ఇంగెన్‌హౌజ్ ఆ ఏడు ప్రకటించాడు. 1850లో లండను రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ చేపలనూ, వాలిస్‌నీరియా అనే నీటిమొక్కనూ, నత్తలనూ ఒకే తొట్టెలో ఉంచి, అవి పరస్పరం పోషించుకోగలవని చూపాడు. ‘అక్వేరియం’ అన్న మాట ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో వెలువరించిన గ్రంథంతో ప్రచారమైంది. మన వైపు, నెల్లూరు మద్రాసు రాజధానిలో భాగమై ఉన్న రోజులలో, 1909లో మద్రాసు మెరీనా ఒడ్డున సముద్ర జీవుల ప్రదర్శనశాల తెరిచారు. అది రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మూతపడింది.

తొలినాటి తొట్టెలు కిటికీ వెలుగునే నమ్ముకున్నవి. తరువాత తీగబల్బు వచ్చింది కాని, అది తిన్న కరెంటులో అధికభాగం వేడిగానే పోయేది. 1938లో అమెరికాలో ట్యూబులైటు అమ్మకానికి వచ్చాక పరిస్థితి మారింది. రేకు డొప్పకు లోపల తెల్లరంగు పూసి, రెండు ట్యూబులు, చోకులు, స్టార్టర్లు బిగిస్తే మొక్కల తొట్టెకు దీపం సిద్ధమయ్యేది. దుకాణంలో దొరికే ఖరీదైన మూతతో పని లేకపోయింది.

ఈ ట్యూబులైటే మన తీరంలో పెద్ద బాధ్యత మోసింది. రొయ్యపిల్ల గుడ్డు నుండి వెలువడినప్పుడు తనలోని పచ్చసొనతోనే బ్రతుకుతుంది. తరువాతి జోయియా దశలో దానికి కీటోసెరాస్, స్కెలిటోనీమా వంటి కంటికి కనపడని నాచు కావాలి. జపానులో ఫుజినాగా 1930లలో మొదలుపెట్టిన రొయ్యపిల్లల పెంపకం ఈ మేత చిక్కు విడివడ్డాకే ముందుకు సాగింది. అందుకే హేచరీలలో చల్లని గది ఒకటి ఉంటుంది. అందులో గాజు ఫ్లాస్కులలో నాచును దీపాల వెలుగున పెంచి, పెద్ద సీసాలకూ, అక్కడి నుండి ఆరుబయటి తొట్లకూ మారుస్తారు. చెరువులలో లక్షల రూపాయలు పండించే రొయ్యకు తొలి కబళం పెట్టేది గోడకు బిగించిన ఆ ట్యూబులైటే. పంటను చూచినవారు చాలామంది. ఆ గదిని చూచినవారు తక్కువ.

1993లో షూజీ నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి.ని సాధించాడు. తెల్లని ఎల్.ఇ.డి. దీపానికి ఆ నీలమే ఆధారం; 2014లో అకసాకి, అమానోలతో పాటు అతనికి నోబెల్ బహుమతి దక్కింది. మన దేశంలో 2015లో ఉజాలా పథకం ఆరంభమైంది. 2014లో సుమారు రూ.310గా ఉన్న బల్బు సేకరణ ధర 2016 నాటికి రూ.38కి దిగింది.

ఇప్పుడు రెండడుగుల తొట్టెకు 9 వాట్ల తెల్లని బల్బులు రెండు, హోల్డర్లు రెండు, ఒక చెక్క, ప్రతిఫలనానికి కాస్త తెల్లరంగు చాలును. మా తొట్టెకు నేను అమర్చినది ఇదే. రోజుకు ఎనిమిది గంటలకు మించి వెలిగిస్తే మొక్కకంటె గాజుకు పట్టే పాచే ఎక్కువ సంతోషిస్తుంది. తీగను ప్లగ్గుకన్న కిందికి జారేటట్టు వదలాలి; అప్పుడు దానివెంట కారిన నీటిచుక్క ప్లగ్గును చేరక నేల మీద పడుతుంది.

దీపం ఖరీదు మొక్కకు తెలియదు. తగిన వెలుగు తగినంతసేపు అందిందా అన్నదే దానికి కావాలి. ఇంగెన్‌హౌజ్ చూచిన బుడగలు మన ఊరి చెరువులోని నాచు మీద కూడ లేస్తాయి. పిల్లలు ఆ వింతను ఇంటి తొట్టెలో కళ్లారా చూడడానికి నేడు నూటయాభై రూపాయల బల్బులు సరిపోతున్నవంటే, రెండు వందల ఏండ్ల శాస్త్రం మన గడపదాకా వచ్చినట్లే.