సీటుకు కొలత ఎవరు పెడతారు?

1951లో సుప్రీంకోర్టు మద్రాసు కమ్యూనల్ జీవోను కొట్టేసింది. ఆంధ్ర ఏజెన్సీ కూడా అప్పుడు ఆ రాష్ట్రంలోదే. అదే ఏడాది తొలి రాజ్యాంగ సవరణ 15(4) అధికరణను తెచ్చింది. కాలేజీ సీట్లలో మా వాటాకు ఆధారం అదే.

2006 చట్టం కేంద్ర విద్యాసంస్థల్లో మాకు 7.5 శాతం సీట్లు కేటాయించింది. 2022లో తెలంగాణ మా వాటాను 6 నుంచి 10 శాతానికి పెంచింది. ఆ సంవత్సరమే కేంద్ర విశ్వవిద్యాలయాల డిగ్రీ ప్రవేశాలకు సీయూఈటీ వచ్చింది. ఆ పరీక్ష 13 భాషల్లో రాయొచ్చు. వాటిలో తెలుగు ఉంది గాని గోండి, కోయ, సవర లేవు.

ఇంట్లో మాట్లాడే భాషలో మా పిల్లల తెలివిని ఎవరూ కొలవలేదు. వాటా సాధించుకున్నాం. ఇక కొలత నిర్ణయించేచోట, దాన్ని తిరిగి సరిచూసేచోట కూడా మేము కూర్చోవాలి.